ప్లేటునందు సముద్రము

సూర్యలంక తీరమును చూడని విద్యార్థి మన పాఠశాలలో ఉండడనుకొందును. బాపట్లనుండి ఇంచుమించుగా తొమ్మిది కిలోమీటర్ల దూరము. సెలవు దినములలో సైకిళ్లపై పోవువారును, కార్తిక పౌర్ణమినాడు జనసమూహములతో గూడి పోవువారును అందఱును ఎఱిగిన త్రోవయే. అయితే పోవువారిలో ఎందఱు గమనించిరో గాని, సరుగుడు తోటల నడుమ నుండగనే, సముద్రము కంటబడుటకు ముందే, దాని ఘోష చెవిని బడును. మనము సముద్రమును మొదట విందుము, పిమ్మట చూతుము.

ఇంగ్లండు దేశపు సంగీతకర్త యొకడు ఈ ఘోషను వాద్యములలోను మానవకంఠములలోను నిలుప యత్నించెను. ఆ కృతి పేరు ‘సముద్ర సింఫొనీ’. అది 1910వ సంవత్సరమున మొదట సభలో వినబడెను. కాని సంపూర్ణముగా గ్రామఫోను ప్లేటు నెక్కుటకు మఱి నలువది మూడు సంవత్సరములు పట్టెను. ఇంత ఆలస్యమేల జరిగెనో, ఆ ప్లేటు ఎట్లు తయారయ్యెనో, దానిని మనవంటి తీరవాసులు ఎట్లు వినవచ్చునో తెలుపుటయే నా ఉద్దేశము.

ఆ సంగీతకర్త వాన్ విలియమ్స్. ఆయన మొదటి పేరును రాల్ఫ్ అని వ్రాసి రేఫ్ అని పలుకుదురు; ఇంగ్లీషు వర్ణక్రమము మన విద్యార్థులను పెట్టు బాధలలో నిదియొకటి. ఆయన 1872 అక్టోబరు 12వ తేదీన డౌన్ ఆంప్నీ అను పల్లెలో ఒక క్రైస్తవ గురువునకు కుమారుడై జన్మించెను. తండ్రి చిన్నతనముననే గతించెను. తల్లి పుట్టినింటివైపున, ప్రకృతిశాస్త్రజ్ఞుడగు చార్లెస్ డార్విన్ ఆయనకు తాతవరుస. లండనులోను కేంబ్రిడ్జిలోను చదివి, బెర్లిను నగరమున బ్రూహ్ వద్దను, తరువాత ముప్పదియైదేండ్ల వయసున పారిసునకు పోయి తనకంటె చిన్నవాడైన రవేల్ వద్దను శిష్యరికము చేసెను. తనకంటె పిన్నవానియొద్ద కూర్చుండి నేర్చుకొనుటకు సిగ్గుపడని గుణము ఆయనకు గలదు.

అంతకంటె గొప్ప గురువులు ఆయనకు పల్లెలలో దొరకిరి. 1903 డిసెంబరు మాసమున ఎసెక్స్ ప్రాంతమున ఒక ముసలి కూలివాడు పాడిన పాటను విని వ్రాసికొన్నది మొదలు, కొన్ని సంవత్సరములలో ఎనిమిదివందలకు పైగా పల్లెపాటలను సేకరించెను. చదువురాని వారి నోట నిలిచియున్న ఆ పాటలు వారితోనే పోవునని ఆయన భయము. ఆ పాటలలో కొన్నిటి వరుసలను 1906లో వెలువడిన ‘ఇంగ్లీషు హిమ్నల్’ అను కీర్తనల పుస్తకములో చేర్చెను. దాని సంగీతభాగమునకు ఆయనయే సంపాదకుడు. తాను దృఢవిశ్వాసి గాకపోయినను, ఆ పనిపై రెండేండ్లు వెచ్చించెను. ‘సినే నోమినే’ అను పేరుగల వరుసను ఎఱిగిన ఉపాధ్యాయులు మనలో నుండవచ్చును. లాటిను భాషలో ఆ మాటకు ‘పేరు లేనిది’ అని అర్థము. తన జన్మగ్రామము పేరిట మఱియొక వరుసను గూర్చెను. మన పురుషోత్తమ చౌదరిగారు క్రైస్తవ కీర్తనలకు దేశీయ రాగములనే వాడినట్లు, ఈయన తన దేశపు పొలముల పాటలను దేవాలయమునకు దెచ్చెనని చెప్పవచ్చును.

ఇక మన చెవికి సింఫొనీ ఎట్లుండును? మన కచేరిలో ఒక గాయకుడు ముందు నడచును. వాయులీనము, మృదంగము వెంట నడచును. వినువాడు ఒక్క దారమును పట్టుకొని పోవును. సింఫొనీలో దారములు అనేకములు. ఎనుబది, తొంబది మంది వాద్యగాండ్రు ఒకే కాలమున వేర్వేరు స్వరములు వాయించుచుందురు. మొదటిమాఱు వినువానికి అది సంతబజారువలె తోచుట సహజము. నాకును అట్లే తోచినది. దీనికొక ఉపాయము గలదు. వీణలో తాళపు తీగల నెట్లు వినీ విననట్లు విందుమో, అట్లే మొదట ఒక్క వాద్యమును మాత్రము పట్టుకొని తక్కినవానిని ప్రక్కను పోనీయవలెను. మాఱుమాఱు వినగా తక్కినవి తమంతట తామే చెవికి వచ్చును. వాయులీనము కూడ పడమటి దేశమునుండి మనకు వచ్చినదే గదా! విజయనగరమున ద్వారము వెంకటస్వామి నాయుడుగారి చేతిలో అది అచ్చముగా మనదైపోయినది.

వాన్ విలియమ్స్ సంగీతము మనకు కొంత సులభమగుటకు మఱియొక కారణము గలదు. పాశ్చాత్యులు రెండువందల యేండ్లుగా ముఖ్యముగా రెండు స్వరక్రమములనే వాడుచుండగా, ఈయన పల్లెపాటలనుండి పాత స్వరక్రమములను తిరిగి తెచ్చెను. వారు డోరియన్ అనునది మన ఖరహరప్రియ మేళపు స్వరములే. మిక్సోలిడియన్ అనునది హరికాంభోజి. 1910లోనే ఆయన తాలిస్ అను ప్రాచీన సంగీతకర్త వరుసపై తంత్రీవాద్యములకు వ్రాసిన కృతి ఫ్రిజియన్ క్రమమున నున్నది. అవి మన హనుమతోడి స్వరములు. భరతపక్షిని గూర్చిన ఆయన కృతిలో ఒంటరి వాయులీనము మొదట పలుకు ఐదు స్వరములు మోహన రాగపు స్వరములకు మిక్కిలి దగ్గఱవి. ఇంతమాత్రమున అది మన రాగమని పొంగిపోరాదు. గమకము లేదు, ఆరోహణావరోహణ నియమము లేదు. ఒకే బంకమట్టితో వేఱు కుమ్మరి చేసిన వేఱు కుండ. అయినను మన్ను పరిచితమైనది.

సముద్ర సింఫొనీని ఆయన 1903లో ఆరంభించి 1909లో ముగించెను. ఆఱేండ్ల పని. 1910 అక్టోబరు 12న, సరిగా తన ముప్పదియెనిమిదవ జన్మదినమున, లీడ్సు నగరపు ఉత్సవములో తానే చేతికఱ్ఱ బూని నడపెను. మాటలు అమెరికా కవి వాల్ట్ విట్మన్‌వి. ఒక స్త్రీకంఠము, ఒక పురుషకంఠము, పెద్ద గాయకబృందము, పూర్ణ వాద్యబృందము కావలెను. భాగములు నాలుగు.

మొదటి భాగము అన్ని సముద్రములను, అన్ని ఓడలను గూర్చినది. ట్రంపెట్లు మొదలగు ఇత్తడి వాద్యములు ఒక్కసారి గర్జించును. అదియొక చీకటిగల స్వరకూటమి. వెంటనే గాయకులందఱును కంఠమెత్తి, సముద్రము అను మాట వచ్చుసరికి సంగీతము మఱియొక కాంతిగల స్వరకూటమిలోనికి దుముకును. సరుగుడు తోట దాటి ఇసుకదిబ్బ ఎక్కినవానికి ఒక్కసారిగా నీరంతయు కంటబడినట్లుండును. ఈ భాగమున కవి తలచునది రాజుల ఓడలను గాదు. పేరు తెలియని నావికులను, విధి నిర్వహణమున మునిగిపోయినవారిని.

రెండవ భాగమున ఒకడు రాత్రివేళ తీరమున ఒంటరిగా నిలిచి నక్షత్రములను జూచి, సర్వమునకు నడుమ నున్న సంబంధమును తలపోయును. పురుషకంఠము మెల్లగా పాడును. మూడవది కెరటములు, ఓడ వెనుక నురుగు పరుగెత్తునట్లు గాయకబృందము పరుగెత్తును. మన పిల్లలకు మొదట నచ్చునది ఇదియే. నాలుగవది అన్వేషకులను గూర్చినది. దాదాపు సగము కృతి ఇందే యున్నది. దీని మాటలు ‘ఇండియాకు ప్రయాణము’ అను అర్థముగల కవితనుండి తీసికొనబడినవి. 1869లో సూయెజు కాలువ తెఱువబడినందుకు ఉప్పొంగి విట్మన్ వ్రాసిన కవిత అది. కవి దృష్టిలో ఓడ మన దేశపు వైపున బయలుదేఱి, దానిని దాటి, తెలియని దానికై సాగిపోవును. సంగీతమును అట్లే పోవును. చివరకు వాద్యములు ఒక్కొక్కటి తగ్గి, అడుగున మంద్రస్వరము, పైన సన్నని తారస్వరము మాత్రము మిగిలి, ఎప్పుడు ఆగినదో తెలియకుండ ఆగును.

ఇట్టి కృతి నలువది యేండ్లకు పైగా ప్లేటు నెక్కకుండుటకు కారణము ముఖ్యముగా ప్లేటే. నిమిషమునకు 78 చుట్లు తిరుగు ఆ పాత ప్లేటులో పండ్రెండంగుళములదానికైనను ఒక ప్రక్కకు నాలుగు, నాలుగున్నఱ నిమిషములకంటె పట్టదు. సముద్ర సింఫొనీ గంటకు పైబడిన కృతి. దానికి ఎనిమిది ప్లేట్లు, పదునాఱు ప్రక్కలు కావలెను. ప్రతి నాలుగు నిమిషములకు లేచి ప్లేటు తిరుగవేసి, సూది మార్చి, తాళము త్రిప్పవలెను. కెరటము లేచుచుండగా చేయి అడ్డుపెట్టి ఆపినట్లు! దానికి తోడు అంత పెద్ద గాయకబృందమునకు వ్యయము. అందుచే ఆయన సింఫొనీలలో చిన్నవే ముందుగా ప్లేట్లకెక్కినవి. నాలుగవదానిని 1937లో ఆయనయే నడపి పాడించెను. ఐదవదానిని 1944లో బార్బిరోలి నడపెను.

ఇచ్చట మన దేశమును గూర్చి యొక మాట చెప్పక పోజాలను. ఆ నల్లని ప్లేట్లను దేనితో చేసిరి? రాతిపొడి, మసి, వీనిని పట్టియుంచుటకు లక్క. మహాభారతమున పాండవులకు కట్టిన ఇంటిలోని లక్కయే. మోదుగ, రేగు మొదలగు చెట్ల కొమ్మలపై చిన్న పురుగులు స్రవించు ఆ పదార్థము ప్రపంచమునకు ముఖ్యముగా మన దేశమునుండియే పోయెడిది. ఛోటానాగపూరు అడవులలో గిరిజనులు కొమ్మలనుండి గీకి తీసిన లక్కపై లండను వాద్యబృందపు ధ్వని నిలిచినది. రెండవ ప్రపంచ యుద్ధకాలమున లక్క దిగుమతి తగ్గగా, అచ్చట పాత ప్లేట్లను కరగించి క్రొత్తవి చేయవలసివచ్చెను.

1948లో అమెరికాలోను, 1950లో ఇంగ్లండులోను దీర్ఘకాలపు ప్లేటు, అనగా లాంగ్ ప్లే, బజారునకు వచ్చెను. అది లక్కది గాక వినైలు అను కృత్రిమ పదార్థముది. చుట్లు నిమిషమునకు 33⅓. గాడులు మిక్కిలి సన్ననివి. ఒక ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టును. ఎనిమిది ప్లేట్ల సముద్రము రెండింటిలో ఇమిడెను.

డెక్కా కంపెనీవారు వాన్ విలియమ్స్ సింఫొనీల నన్నిటిని ఈ క్రొత్త ప్లేట్లపై నెక్కింప బూని, 1952లో పని ఆరంభించిరి. వాద్యబృందము లండన్ ఫిల్హార్మోనిక్. నాయకుడు సర్ ఏడ్రియన్ బోల్ట్. ఈ ఎంపికకు హేతువు గలదు. వాన్ విలియమ్స్ మూడవ సింఫొనీని 1922లోను, నాలుగవదానిని 1935లోను, ఆఱవదానిని 1948లోను ప్రపంచమునకు మొట్టమొదట వినిపించినవాడు బోల్టే. ఆయన పొడవైన సన్నని కఱ్ఱను పట్టి, దేహమును దాదాపు కదల్పక, మణికట్టుతోనే పని జరిపించువాడు. చేతులు విసరి ప్రేక్షకులను రంజింపజేయు నాయకులను మనము చూచుచున్నాము. ఈయన వారిలోనివాడు గాడు. సముద్ర సింఫొనీవంటి పెద్ద కృతికి అట్టి నిబ్బరమే తగినదని నా అభిప్రాయము.

ఆ ప్లేట్లు తీసిన స్థలము మన చదువరులకు ఆసక్తి గొల్పవచ్చును. అది రంగస్థలము గాదు, సంగీతశాల గాదు; లండనులో మెథడిస్టు మిషనువారు 1912లో కట్టిన కింగ్స్‌వే హాలు. ఆదివారములలో ప్రసంగము జరుగు ఆ శాలలో ధ్వని ఎంతో నిండుగాను స్పష్టముగాను పలుకునని కనుగొని, ప్లేట్ల కంపెనీలు దానిని పలుసంవత్సరములు వాడుకొన్నవి. దానికొక లోపము గలదు. క్రింద భూగర్భ రైలు పోవుచుండును. నిశ్శబ్దమైన చోటులలో దాని గుడగుడ ధ్వని పెక్కు ప్లేట్లలో ఎక్కియున్నది. ఆ హాలు తరువాత కూల్చివేయబడినది. గోడలు పోయినవి గాని వాని ప్రతిధ్వని మాత్రము ప్లేట్లలో మిగిలినది.

అచ్చట 1953 డిసెంబరు చివరి దినములలోను, 1954 జనవరి మొదటను సముద్ర సింఫొనీని తీసిరి. స్త్రీకంఠము ఇసొబెల్ బెయిలీ, పురుషకంఠము జాన్ కామెరన్. బృందము లండన్ ఫిల్హార్మోనిక్ క్వయరు. ఎనుబదియొక్క యేండ్ల వాన్ విలియమ్స్ స్వయముగా హాజరై వినుచుండెను. అప్పటికే ఆయనకు చెవులు మందగించినవి. యౌవనమున తాను వ్రాసిన సముద్రమును ముదుసలియై సగము వినికిడితో పరీక్షించుచున్న ఆ మనుష్యుని తలచుకొన్నపుడు, ఈ ప్లేటు విలువ నాకు తెలియవచ్చును. దీనికి తరువాత మేలైన ధ్వనిగల ప్లేట్లు వచ్చినవి. బోల్టే 1968లో మరల ఈ కృతిని రెండు దిక్కులనుండి ధ్వని వచ్చు స్టీరియో పద్ధతిని తీసెను. 1953–54 నాటిది ఒక్క దిక్కునుండి వచ్చు పాత పద్ధతి. డెక్కావారు స్టీరియో ఆరంభించినది 1954లోనే, కొద్ది నెలలు మాత్రమే తేడా. అయినను రెండింటిలో నొకటి ఎంచుకొమ్మన్నచో నేను పాతదానినే ఎంచుకొందును. వ్రాసినవాని యెదుట పాడుచున్నామను జాగ్రత్త ఆ గొంతులలో వినబడును.

అదే డిసెంబరులో ఆఱవ సింఫొనీని గూడ తీసిరి. యుద్ధానంతరపు కృతి అది; దాని చివరి భాగము ఆద్యంతము మిక్కిలి మెల్లని ధ్వనిలోనే నడచును. పని ముగిసినపిమ్మట వాన్ విలియమ్స్ లేచి వాద్యగాండ్రకు కృతజ్ఞత దెల్పెను. ఆ మాటలనుగూడ కంపెనీవారు ప్లేటులోనే చేర్చిరి. ఎనిమిదవది 1956లో మొదట సభలో వినబడిన పిమ్మట దానిని గూడ ఎక్కించిరి. ఇక తొమ్మిదవది మిగిలెను. దానిని మఱియొక కంపెనీ, అమెరికాకు చెందిన ఎవరెస్టువారు, తీయ సంకల్పించి 1958 ఆగస్టు 26వ తేదీని నిర్ణయించిరి. వాన్ విలియమ్స్ రావలసియుండెను. ఆనాటి తెల్లవారుజామున, ఎనుబదియైదవ యేట, ఆయన తన యింట మరణించెను. వాద్యగాండ్రు వాల్తమ్‌స్టో హాలునకు చేరునప్పటికి వార్త వచ్చెను. బోల్ట్ పని మానలేదు. ఆనాడే ఆ సింఫొనీని వాయించిరి. ఆయన ఈ సంగతిని కొద్ది మాటలలో చెప్పగా, ఆ పలుకులుకూడ ప్లేటు మొదట చేర్చబడినవి. దుఃఖము, గర్జన ఏమియు లేదు. సమాచారము చెప్పినట్లు చెప్పెను. ఆ పిమ్మట సంగీతము.

మొన్నటి శీతకాలమున ఒక సాయంకాలము మా పై తరగతుల పిల్లలకు సముద్ర సింఫొనీ పాత ప్లేటును వినిపింప నిశ్చయించితిని. నిజమునకు ప్లేటు గాదు. నేడు అదే ధ్వని సెల్‌ఫోనులో దొరకును, పెద్ద స్పీకరునకు తగిలించితిమి. కొందఱు తల్లిదండ్రులు వచ్చిరి. సూర్యలంకనుండి చదువ వచ్చు ఒక బాలుని తాతగారును వచ్చి వెనుక బెంచీపై కూర్చుండెను. యౌవనమంతయు వేటలో గడపినవాడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను కన్నులార చూచినవాడు. దివిసీమలోను ఈ తీరమునను వేలకొలది జనులను మ్రింగిన ఆ రాత్రిని గూర్చి ఆయన సామాన్యముగా మాటలాడడని మనుమడు చెప్పెను.

మొదటి భాగము ముగియగనే ఆయన చేయి ఎత్తెను.

“మేష్టారూ, ఈయనెప్పుడన్నా పడవెక్కాడా?”

“ఓడలో పోయినవాడే తాతా. యుద్ధానికి కూడా పోయాడు.”

“ఓడ వేరు. సముద్రం ఇట్టా బూరాలూదుకుంటా రాదండీ. ఆనాడు మాకేం చెప్పిరాలేదు.”

పిల్లలు నవ్విరి. నాకు నవ్వు రాలేదు. ఆయన మాట నిజమే. ఇంగ్లండువంటి ఓడల రాజ్యమున బ్రతికినవానికి సముద్రము గెలువదగిన దారి. చిన్న పడవలో పోవువానికి అది ప్రతిదినము అనుమతి నడుగవలసిన పెద్ద. ఆ మొదటి భాగపు ఉత్సాహములో ఆ నాటి సామ్రాజ్యపు ధీమా కొంత వినబడుననుటను నేను కాదనలేను. కాని మునిగిపోయినవారిని గూర్చిన మాటలు అందే యున్నవని చెప్పి, వాని అర్థమును తెలుగున వివరించితిని. పేరు తెలియనివారికొఱకు, తమ పనిలో పోయినవారికొఱకు ఒక జెండా ఎగురవేయవలెనని కవి కోరెనని చెప్పగా ఆయన తల యూపెను, ఏమియు అనలేదు.

తక్కిన మూడు భాగములు వినిపించితిమి. నాలుగవదానిలో పిల్లలు కొందఱు కునికిపాట్లు పడిరి. దాచుట యెందుకు, అది దీర్ఘమైనదే. చివరి నిమిషములు సమీపించినపుడు నాకు చింత కలిగెను. ప్లేటు లోపలి గాడులలో ధ్వని ఎప్పుడును కొంత తగ్గును. ఏలయన, వెలుపలి అంచున సూది ఒక్క చుట్టులో ముప్పదియాఱంగుళములకు పైగా నడచును, లోపల అదే కాలములో అందు సగము దూరమైనను నడువదు. అంత కొద్ది చోటున అంత సూక్ష్మమైన ధ్వనిని చెక్కుట కష్టము. ఆ పాత ప్లేటునుండి ఎక్కించినదగుటచే సన్నని చిటపట ధ్వనియు నుండెను. మెల్లమెల్లగా అన్నియు తగ్గి, మంద్రమున నొక స్వరము, పైన నొకటి మిగిలి, పోయినవి. కొంతసేపు ఎవరును లేవలేదు.

“ఇది సరిగ్గా ఉంది,” అని తాతగారనెను. “తెల్లారుగట్ల, పడవ నెట్టేముందు ఇట్టాగే ఉంటది. గాలుండదు. దూరంగా ఎక్కడో ఒకటే వినపడతా ఉంటది.”

పిల్లలు మాత్రము కెరటముల భాగమును మరల వేయుమని పట్టుబట్టిరి. ఆఖరి బస్సునకు ఇంకను అరగంట యుండుటచే వేసితిమి.